ఐదు నిమిషాల పని

ఏప్రిల్‌లో పోయింది స్నానాలగది బల్బు.
కొత్తది ఆ వారమే కొంది తోరున్.
అట్టపెట్టెలో, వంటింటి సొరుగులో,
కత్తెర పక్కన ఉంది.
ఇప్పుడు డిసెంబరు.

ట్రోమ్సోలో సూర్యుడు నవంబరు చివర్లో దిగిపోయాడు,
జనవరి సగమైతే గాని పైకి రాడు.
తలుపు తెరిచిపెట్టి
నడవా దీపం నేల మీద పరిచిన పలకంత వెలుగులో
ఒళ్లు రుద్దుకుంటుంది.
సబ్బు ఎప్పుడూ చీకటి వైపే జారుతుంది.

తెల్లవారుజామున మూడింటికి మాత్రం
మంచు తోసే బండెక్కి
ఊరంతటికీ దారి చేస్తుంది.
వంతెన, ఆసుపత్రి మలుపు, బడి వీధి,
మంచు కింద ఏ మ్యాన్‌హోల్ మూత
పైకి లేచి ఉందో కూడా తెలుసు.
ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మనవాళ్లు.
ఆమె రచ్చ గెలిచి వచ్చి
బూట్లతోనే సోఫా అంచున కూర్చుని
ఇంటిని చూస్తుంది, మూడు గంటలు.

కూర్చుంటే విశ్రాంతి అనుకునేరు.
లే, లే, లే అని లోపల ఒకటే అరుపు.
కాళ్లు తనవే. వాటికీ వినబడుతోంది.

"ఐదు నిమిషాల పని" అంది వాళ్లక్క రాన్‌వెయిగ్.
నిజమే. తోరున్‌కి తెలుసు.
స్టూలు కావాలి.
స్టూలు మీద బట్టలు.
బట్టలు ఉతకాలి, సబ్బుపొడి అయిపోయింది,
కొట్టుకి వెళ్లాలంటే పోస్టుడబ్బా ముందు నుంచే దారి,
డబ్బాలో పన్నులాఫీసు కవరు ఉంటుంది,
ఉంటే...
ఐదు నిమిషాలకి ఇవతల
ఎవరూ లెక్కపెట్టని మెట్లు.

బద్ధకం అంటాం.
ఆ మాట పొట్ట చీల్చి చూడండి,
బద్ధం ఉంటుంది లోపల, కట్టేసి.
తాడు కనబడదు గనక
కట్టినవాడూ కట్టుబడినవాడూ
ఒకడే అనుకుంటాం.

గురువారాలు గ్రంథాలయం కింది గదిలో
ఏడెనిమిది మంది కలుస్తారు.
పడవ ఇంజన్లు బాగుచేసే ష్యూర్ చెప్పాడు,
ఇంట్లో కూడా బూట్లు విప్పడట,
విప్పితే రోజు అయిపోయినట్టేనట.
తోరున్ తన బూట్ల వంక చూసుకుంది.
ఒకావిడ టీనీళ్లు మరిగేలోపు రెండు గిన్నెలు తోముతుంది,
మూడోది ఎప్పుడూ మిగిలిపోతుంది.
మాత్ర వేసుకోవాలని గుర్తు చేసే మాత్ర
ఏదైనా ఉంటే చెప్పమన్నాడు ఒక కుర్రాడు.
నవ్వారు. ఒకామె నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.
బిస్కట్ల పళ్లెం అటు జరిపారు.
"చేసెయ్యొచ్చుగా" అనేవాళ్లు
ఆ గదిలో ఎవరూ లేరు.

బయట కోట్లు తొడుక్కుంటుండగా
గున్వోర్ అడిగింది, అల్లిక సంచి భుజాన వేసుకుని:
నేనొచ్చి కూర్చోనా?
ఏమీ చెయ్యను. కూర్చుంటా.

కూర్చుంది. శనివారం,
మేజోడు మడమ దాకా వచ్చింది.
సూదుల టిక్కుటిక్కు తప్ప మాట లేదు.
తోరున్ బట్టల్ని నేల మీదికి తోసింది,
అంతే, నేల మీదికి.
స్టూలు ఎక్కింది.
పాత బల్బు తిరిగింది, చెయ్యంతా దుమ్ము.

వెలిగింది.
అద్దం నిండా ఎనిమిది నెలల పేస్టు చుక్కలు,
టైళ్ల సందుల్లో నల్లటి బూజు,
సబ్బు దొరికింది. ఒకటి కాదు, మూడు.
అబ్బా, అని ఆర్పేసింది.
కాసేపాగి మళ్లీ వేసింది.

గున్వోర్ అల్లిక పక్కన పెట్టి
సంచి అడుగు నుంచి కవర్ల కట్ట తీసింది,
రబ్బరు బ్యాండు వేసి, ఒక్కటీ చింపనివి.
"ఇవి నావి" అంది, తల ఎత్తకుండా.

పరాయివాళ్ల కవర్లు ఎంత తేలిక!
తోరున్ కత్తెర కోసం సొరుగు లాగింది.
బల్బు పెట్టె ఉన్నచోట
నాలుగు పలకల ఖాళీ,
దుమ్ము లేకుండా.